పాటలో కూర్చున్న పేరు

చిన్నమ్మ గడప బయటే నిలబడింది. నాలుగు రోజుల్లో ఆమె కొడుక్కి పెళ్లి. ధర్మవరం నుంచి ప్యాసింజరుకు వచ్చి, పెనుకొండలో దిగి, ఎండలో రెండు మైళ్లు నడిచి వియ్యపురాలి ఇంటికి వచ్చింది. తీరా వచ్చాక లోపలికి రమ్మంటే రావడం లేదు.

యల్లక్క విత్తనానికని చెనిక్కాయలు ఒలుస్తోంది. ఒడిలోని చేట దించి లేచేసరికి పొట్టు పాదాల మీద రాలింది.

"లోపలికి రా వదినా. రోంత మజ్జిగ తాగుదువు."

"మజ్జిగకు రాలేదు. ఒక మాట అడిగి పోదామని వచ్చినా. మా వీధిలో మగ్గాల కాడ దినామూ ఒక సోబానె పాట వేస్తారు, పెండ్లిలో పాడేది. పాడింది నువ్వేనంట కదా?"

ఈ ప్రశ్న ఎనిమిదేళ్లుగా చాలామంది అడిగారు. అడిగినవాళ్లంతా నవ్వుతూ అడిగారు. అలవాటుగా యల్లక్క ముఖంలోకి నవ్వు రాబోయి, చిన్నమ్మ ముఖం చూసి ఆగిపోయింది.

"నేనే వదినా."

"అందులో గంగరత్న మీ గంగరత్నేనంట?"

లోపల మజ్జిగ చిలుకుతున్న చప్పుడు ఆగింది.

"మా పిల్లే."

"మరి ఆ రాజశేఖరయ్య ఎవురు?"

యల్లక్క పాదాల మీది పొట్టు దులుపుకుంది. దులిపిన చోటే మళ్లీ దులిపింది. "ఎవురూ కాదు వదినా. వక్కాకు మార్చుకున్యాం, అంతే. నేను క్యాసెట్టు పాడొచ్చిన రెండు నెల్లకు ఆ పిల్లోనికి పోలీసు ఉద్యోగమొచ్చె. వాల్లే వద్దన్యారు. పెండ్లి కాలేదు."

"కాలేదని నువ్వంటాండావు. అయ్యిందని పాట అంటాది. తాళి గూడ కట్టినాడంట ఆయప్ప, నాలుగో చరణంలో. నేను దేన్ని నమ్మల్ల?"

"నన్ను నమ్ము."

"నమ్మతా. నా కొడుక్కు ముప్పై నాలుగేండ్లు. మగ్గం నేసేవానికి పిల్లనియ్యమని ఎన్ని గడపల కాడ నిలబడినానో నీకు తెల్దు. మీ పిల్ల మంచిదని నాకు తెలుసు. కానీ నా వాకిట్లో, నా కొడుకు పక్కన కూసున్న పిల్లకు ఇంకో మొగోని పేరు కలిపి ఇనపడగూడదు. పాడింది నువ్వే కదా, నువ్వే ఆపు. ఆపుతానంటే ఆదివారం పెండ్లి. ఆపలేనంటే ఇప్పుడే చెప్పు, షామియానా వానికి వద్దని చెప్పుకుంటా."

"ఆపుతా," అంది యల్లక్క వెంటనే. "నా నోట్లోంచి వచ్చిందే కదా."

అప్పుడు చిన్నమ్మ లోపలికి వచ్చి కూర్చుంది. గంగరత్న ఇచ్చిన మజ్జిగ రెండు గుక్కల్లో తాగి, గ్లాసు ఆ పిల్ల చేతికే ఇస్తూ, "ఎండలో తిరగొద్దు మే, నల్లబడతావు," అంది.

ఆమె వెళ్లాక గంగరత్న చేతికంటిన వెన్న గిన్నె అంచుకు తుడుస్తూ, "ఎట్ల ఆపుతావు మా?" అంది.

"హిందూపురం పోతా. మొదట పాడిన తల్లి టేపు, క్యాసెట్టు చేసిన తిమ్మరాజు కాడనే ఉంటాది."

"నాలుగు సంబంధాలు పోయినప్పుడే పోయింటే బాగుండు."

"అప్పుడెవురు పాట మాట చెప్పినారు? ఎత్తు చాలదన్యారు, జాతకం అన్యారు."

"నాకు తెలుసు," అంది గంగరత్న. మళ్లీ కవ్వం తిప్పడం మొదలుపెట్టింది. ఆమెకు ఇరవై ఏడేళ్లు.

* * *

మరుసటి రోజు రైలు పెట్టెలో కిటికీ పక్కన కూర్చుని, యల్లక్క కొత్త అల్లుడి పేరును పాటలో కూర్చోబెట్టడానికి ప్రయత్నించింది.

ఆ ప్రాంతంలో సోబానె పాటకు పేర్లే ప్రాణం. పాడే మనిషి పందిట్లోకి రాగానే పిల్ల పేరు, పిల్లోడి పేరు అడుగుతుంది. పొడుగు పేరయితే మడుస్తుంది, పొట్టి పేరయితే సాగదీస్తుంది. ముందు తను అంటుంది, వెనక ఆడవాళ్లంతా అదే అంటారు. అందరూ ఆ పేర్లను పలికితేనే జంటను పదిమందీ ఒప్పుకున్నట్టు. ఒకసారి ఎత్తుకున్న పాట హారతి పళ్లెం దించేదాకా ఆపకూడదు. మధ్యలో ఆపితే ఆ కాపురం మధ్యలో ఆగుతుందంటారు.

పుల్లన్న. మూడక్షరాలు. రాజశేఖరయ్య కూర్చున్న చోట మూడక్షరాలు కూర్చుంటే అటూ ఇటూ ఖాళీ మిగులుతోంది. 'పుల్లన్న సామి' అనుకుంది. చాలలేదు. 'పుల్లన్న రాయుడు' అని పెదవులు కదిపింది. సరిపోయింది. కిటికీ చువ్వ మీద వేలితో తాళం వేస్తూ హిందూపురం వచ్చేదాకా అదే అనుకుంది.

తిమ్మరాజు అంగడి బస్టాండు వెనక వీధిలో ఉంది. ఎనిమిదేళ్ల కిందట ఆ గోడలు నేల నుంచి కప్పుదాకా క్యాసెట్లతో నిండి ఉండేవి. ఇప్పుడు ప్లాస్టిక్ బిందెలు వేలాడుతున్నాయి. రీచార్జి కార్డుల అట్ట పక్కన, బోర్డు మీద 'ఆడియో' అన్న అక్షరాల మీద సున్నం పూసి ఉంది. సున్నం కింద అక్షరాలు ఇంకా కనబడుతున్నాయి.

"యల్లక్కా!" తిమ్మరాజు స్టూలు దుమ్ము దులిపాడు. "గొంతు ఎట్లుండాది? కూతురు పెండ్లి అయ్యెనా?"

"దాని కోసమే వచ్చినా అప్పా. ఆ పాట ఆపల్ల."

అతనికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక బిందెల మధ్య నుంచి ఆమెను వెనక గదిలోకి తీసుకువెళ్లాడు. అక్కడే ఆమె పాడింది. చప్పుడు రాకుండా గోడలకు కొట్టిన బొంతలు అలాగే ఉన్నాయి. గది నిండా అద్దెకిచ్చే కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి.

"ఈడనే కదప్పా నువ్వు చెప్పినావు. పేర్ల చోట ఖాళీ ఇడిస్తే టేపు ఆగిపోయినట్లుంటాది, ఏదో ఒక పేరు పెట్టక్కా అని."

"చెప్పినా. నీ కూతురి పేరే పెట్టమని చెప్పినానా?"

"దాని వక్కాకు అయ్యి వారమే అయ్యింటాది. నోటికి ఇంకేం వస్తాది?"

తిమ్మరాజు కుర్చీల వెనక వంగి ఒక అట్టపెట్టె లాగాడు. అందులో ఆమె క్యాసెట్లు, సీలు విప్పనివి. అట్ట మీద ఆమె బొమ్మ. కనకాంబరాలు పెట్టుకుని, మైకు ముందు భయపడుతూ నిలబడిన నలభై ఏళ్ల యల్లక్క.

"మొదటేడు ఎనిమిది వేల టేపులు అమ్ముడుపోయినాయక్కా. కనగానపల్లి, మడకశిర, పావగడ, యాడ జూసినా నీ పాటే. రెండో ఏడు ఒగడు కొంటే ఇరవై మంది కాపీ కొట్టుకున్యారు. అడిగితే ఏమన్యారో తెలుసునా? ఊరికే నీ పాటను ఊరంతా తిప్పుతాండాము, నువ్వే మాకు దుడ్లియ్యల్ల అన్యారు. నేనూ నమ్మితి. మనిషికి పేరొస్తే రెండో క్యాసెట్టుకు ఎగబడతారు కదా అని. అంతలో సీడీ వచ్చె, ఒగదాంట్లో నూటయాభై పాటలు. ఇప్పుడు ఫోన్లో పెట్టే చిప్పు. గోరంత ఉంటాది."

"నాకు అదంతా ఎందుకప్పా. ఆ పేరు తీసేసి ఇంకో పేరు పెట్టు. నేను మళ్లా పాడతా."

"అప్పట్లో వచ్చింటే చేసేవాణ్ని. తర్వాత కొట్టే టేపులన్నిట్లో కొత్త పేరు వచ్చేది, పాతవి అరిగిపోయేవి. పాట నా పెట్టెలో ఉన్నన్నాళ్లు దానికి ఒక ఇల్లుండె, అడగనీకి ఒక మనిషుండె. ఇప్పుడు ఎవుని అడుగుతావు?"

ఆమె కదలకుండా కూర్చుంది. చివరికి అతను లేచి, బీరువా పై అరలో నుంచి గుడ్డలో చుట్టిన టేపు తీశాడు. "ఇదే తల్లి టేపు. తీసుకపో. ఇంగ నాకెందుకు."

ఆమె రెండు చేతులతో అందుకుని కొంగులో కట్టుకుంది.

తిరుగు రైల్లో కాళ్లు పెట్టుకోవడానికి కూడా చోటు లేదు. తలుపు పక్కన మూటల మీద కూర్చుంది. కొంగు ముడి మీద అరచేయి పెట్టి, పాటను పట్టుకున్నట్టే గట్టిగా పట్టుకుంది. రైలు మలుపు తిరుగుతుండగా ఎదుటి సీట్లో గార్మెంట్ ఫ్యాక్టరీ పిల్ల ఒకతె చేతిలోని ఫోను మోగింది. డోలు, కీబోర్డు, తర్వాత తన గొంతు.

పీట మీద కూసున్న పిల్ల ఎవరమ్మా సోబానే
మా గంగరత్నమ్మ సోబానే
పిల్ల పక్కన కూసున్న దొర ఎవరమ్మా సోబానే
మా రాజశేఖరయ్య సోబానే

పక్కనున్న ముగ్గురు పిల్లలు పెదవులు కదుపుతున్నారు. యల్లక్క అరచేతి కింద టేపు అలాగే ఉంది, చల్లగా, చప్పుడు లేకుండా.

ఇంటికి వచ్చాక రైల్లో విన్నది చెప్పలేదు. టేపు కూతురి ముందు పెట్టింది. గంగరత్న గోటితో రిబ్బను పైకి లాగింది. ఒక బారెడు, ఇంకో బారెడు, చేతికి చుట్టుకుంటూ చాలాసేపు లాగింది. ఆ చుట్టను పొయ్యిలో పెట్టింది. అది మండలేదు, ముడుచుకుని కరిగింది. ఆ వాసనకు గొర్ల దొడ్డిలో నుంచి తండ్రి సంజీవప్ప, "ఏం కాలుస్తాండారు మే?" అని కేకేశాడు. యల్లక్క తలుపు దగ్గరకు వేసింది.

* * *

ధర్మవరంలో మగ్గాల వీధి మొదట్లోనే రమేష్ సెల్‌పాయింటు. అద్దం మీద 'పాటలు ఎక్కించబడును' అని ఎర్రరంగుతో రాసి ఉంది. చిన్నమ్మ వీధిలో ఎవరి ఫోనులో ఏ పాట ఉన్నా ఇక్కడ ఎక్కించిందేనని గంగరత్న చెప్పింది. శుక్రవారం పొద్దున యల్లక్క వెళ్లేసరికి ముగ్గురు నేతగాళ్లు వరసలో ఉన్నారు.

"సోబానె పాట ఉండాదా అబ్బా?"

"ఏది, గంగరత్న పాటనా?" అన్నాడు రమేష్ తల ఎత్తకుండా. "అది లేకుండా పెండ్లి ఉంటాదా అవ్వా. చిప్పు ఇయ్యి."

"ఎక్కించుకోనీకి రాలేదు. తీసేయమనడానికి వచ్చినా. ఆ పాట నాది."

రమేష్ తల ఎత్తాడు. వరసలో ఉన్న ఒకతను నవ్వాడు. "ఆయమ్మ చచ్చిపోయి చాన్నాళ్లాయె కదా," అన్నాడు ఇంకొకతను.

యల్లక్క బల్ల అంచు పట్టుకుని నాలుగు వరసలు పాడింది. అంగట్లో గొంతెత్తడానికి సిగ్గుపడి మెల్లగా పాడింది. రమేష్ చేయి మౌసు మీదే ఆగిపోయింది. స్టూలు ముందుకు జరిపి, "కూసో అమ్మా," అన్నాడు.

ఆమె విషయం చెప్పింది. రాజశేఖరయ్య ఎవరో, పుల్లన్న ఎవరో, చిన్నమ్మ ఏమందో. అతను శ్రద్ధగా విన్నాడు. చెడ్డవాడు కాదు.

"మేమేదో దొంగలమని తిమ్మరాజు లాంటోల్లు అంటారు గానీ, చూడమ్మా, పెన్న దాటని నీ పాటను కువైట్ దాకా పంపినాం. నీ గొంతు తెలీనోల్లు లేరు ఈ పక్క."

"నా గొంతు తెలుసు. నేను పెండ్లికి పోయి మూడేండ్లాయె నాయనా. చిప్పు ఉండంగా నాతో ఏం పని అంటాండారు."

రమేష్ కంప్యూటరు ఆమె వైపు తిప్పి, పాట పేరు చూపించి, ఒక మీట నొక్కాడు. ఆ వరస మాయమైంది. "పోయింది, నా కాడ లేదు. కానీ బయట ఉండేది నేను తీయలేను. ఒక పని చేద్దాం. ఇప్పుడే కొత్త పేరుతో పాడు. నా ఫోన్లో పట్టి ఈ రెండు దినాల్లో వీధిలో అందరికీ ఎక్కిస్తా. ఆ పాట పోయిన దోవలోనే ఇదీ పోతాది."

ఆ మాటకు యల్లక్కకు ఒళ్లంతా తేలికైంది. చేతి సంచి పక్కన పెట్టి, కొంగు సర్దుకుని, ఫోను వైపు చూస్తూ పాడింది. ఐదు చరణాలు. ఐదుసార్లు పుల్లన్న రాయుడు. మూడో చరణంలో దగ్గు వస్తే మింగింది. బయట ఆటోలు పోతున్న చప్పుడు కూడా అందులో పడింది.

"అంజనప్పా, నీ చిప్పుతోనే మొదలుపెడతా," అంటూ రమేష్ వరసలో ముందున్న నేతగాడి చిప్పులో ఎక్కించి వినిపించాడు. అంజనప్ప చెవి దగ్గర పెట్టుకుని పాట సగందాకా విన్నాడు. ముఖం చిట్లించాడు.

"ఇది వద్దులే అబ్బా. డూప్లికేటు. ఎవురో ముసలామె పాడినట్లుండాది. డోలు గూడ ల్యా. ఒరిజినలే ఎక్కించు."

"ఒరిజినల్ ఈయమ్మేనప్పా. ఇప్పుడు నీ ముందరే పాడింది కదా!"

"పాడింది, ఇన్యా. కానీ పాట అది కాదు కదా," అన్నాడు అంజనప్ప, ఆమెను నొప్పించకూడదని గొంతు తగ్గించి.

రమేష్ ఆమె వైపు చూడలేదు. "నేను ఎక్కిస్తాలేమ్మా, అందరికీ ఎక్కిస్తా. నువ్వు పో," అన్నాడు. ఆమె వీధి దాటుతుండగా ఒక ఇంట్లో మగ్గం మీద నాడె అటూ ఇటూ ఆడుతున్న చప్పుడుకు తగ్గట్టు ఆమె పాత గొంతు పాడుతోంది. ఆగి వింది. దగ్గు లేదు. నలభై ఏళ్ల గొంతు, నిండుగా.

* * *

ఆదివారం చిన్నమ్మ మాట నిలబెట్టుకుంది. పందిట్లో మైకు సెట్టు పెట్టించలేదు. ఫోన్లలో పాటలు వేయొద్దని ఇంటింటికీ వెళ్లి చెప్పింది. "పాడిన మనిషే వస్తాంది, ఇంక చిప్పు ఎందుకు?" అని గొప్పగా కూడా చెప్పుకుంది. తాళి కట్టడం అయిపోయింది. పుల్లన్న చేతులు మగ్గం అలవాటున మూడు ముళ్లనూ చకచకా వేశాయి. గంగరత్న తల వంచుకునే ఉంది.

"సోబానె ఎత్తుకో వదినా," అంది చిన్నమ్మ, హారతి పళ్లెంలో కర్పూరం సర్దుతూ. ఆమె ముఖం తేటగా ఉంది.

పందిరి గుంజ పక్కన, వీధి ఆడవాళ్ల ముందు యల్లక్క నిలబడింది. మూడేళ్ల తర్వాత పందిట్లో పాడటం. అదీ కన్నకూతురికి. ఎత్తుకుంది.

పీట మీద కూసున్న పిల్ల ఎవరమ్మా సోబానే
మా గంగరత్నమ్మ సోబానే

ముప్పై మంది ఒక్క గొంతుగా అందుకున్నారు. ఇంత బాగా వంత పాడే గుంపు ఆమెకు ఎప్పుడూ దొరకలేదు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, ఎక్కడ సాగదీయాలో అందరికీ తెలుసు.

పిల్ల పక్కన కూసున్న దొర ఎవరమ్మా సోబానే

"మా పుల్లన్న..." అని ఆమె మొదలుపెట్టింది. రాయుడు అనే లోపలే, ఆమె కోసం ఆగకుండా, ముప్పై గొంతులు "మా రాజశేఖరయ్య సోబానే" అన్నాయి.

ఎవరూ తప్పు పాడామనుకోలేదు. ఆ వీధిలో అది ఒక మనిషి పేరు కాదు, పాటలో వచ్చే మాట. యల్లక్క చేయి ఎత్తి వద్దన్నట్టు ఊపింది. గట్టిగా పాడమంటోందని వాళ్లు ఇంకా గట్టిగా పాడారు. రెండో చరణంలో, పసుపు రాసిన దొర దగ్గర, ఆమె గొంతు పెంచి 'పుల్లన్న రాయుడు' అని ఒక్కో అక్షరం విడదీసి పలికింది. ముందు వరసలో ఇద్దరు ముగ్గురు గమనించి నాలుక కరుచుకుని, "పుల్లన్న, పుల్లన్న అనండి మే," అని నవ్వారు. వాళ్లూ నవ్వుతూనే అలవాటైన దాంట్లో పడిపోయారు.

మూడో చరణంలో యల్లక్క చిన్నమ్మ వైపు చూసింది. పళ్లెం పట్టుకుని నిలబడిన చిన్నమ్మ పెదవులు కదులుతున్నాయి. దగ్గరగా ఉంది కాబట్టి ఆమె ఏమంటోందో కూడా వినిపించింది. మా రాజశేఖరయ్య సోబానే. యల్లక్క కళ్లలోకి చూసినప్పుడే చిన్నమ్మకు తన నోరు తనకు వినబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పీట మీద పుల్లన్న కుడి పాదం, మగ్గం తొక్కుతున్నట్టు, పాటకు తగ్గట్టే ఆడుతోంది.

ఆపకూడదు. హారతి ఇంకా వెలిగించలేదు.

తాళి కట్టిన దొర దగ్గర యల్లక్క ఒక్కతే పుల్లన్న అంది. ఆ మాట ఆమెకే వినబడలేదు. గొంతు బొంగురుపోయింది. ఐదో చరణం వచ్చింది. చెయ్యి పట్టి ఇంటికి తీసుకపోయే దొర ఎవరమ్మా. ఊపిరి తీసుకుంది. వెనక ముప్పై మంది ఊపిరి తీసుకోవడం కూడా వినబడింది. ఆ ఊపిరిలోనే నాలుక దారి తప్పింది.

మా రాజశేఖరయ్య సోబానే.

ఈసారి రెండు పేర్లు కొట్టుకోలేదు. పాట ఎక్కడా అతుకు లేకుండా సాఫీగా చివరికి చేరింది.

"ఆ! ఇప్పుడు అచ్చం చిప్పులో పాడినట్లే పాడింది," అంది వెనక ఎవరో, మెచ్చుకోలుగా.

పొద్దుటి నుంచి తల ఎత్తని గంగరత్న తల ఎత్తింది. తల్లి వైపు చూసింది. కోపం లేదు. ఎవరో తెలియని మనిషిని చూసినట్టు చూసి, మళ్లీ తల వంచుకుని, చేతి మీది ఎండిన పసుపును గోటితో గీకసాగింది.

చిన్నమ్మ హారతి ఇచ్చింది. పళ్లెం దించింది. పాడిన మనిషికే మొదటి తాంబూలం. రెండు ఆకులు, వక్కలు, అరటిపండు తెచ్చి యల్లక్క చేతుల్లో పెట్టింది. యల్లక్కను తప్పు పట్టడానికి లేదు, తన నోరూ ఆ మాటే పలికింది.

"మళ్లా ఈ వీధిలో పాడొద్దు వదినా," అంది నెమ్మదిగా. "పిల్లను చూసుకుంటాం. నువ్వు మాత్రం పాడొద్దు."

యల్లక్క తల ఊపింది.

గుంజకు అవతల, పాట సాగినంతసేపూ ఫోను పైకెత్తి పట్టుకుని నిలబడిన పిల్ల ఇప్పుడు చేయి దించింది. మీట నొక్కింది. చిన్నగా, గరగరమంటూ యల్లక్క కొత్త గొంతు, ముప్పై మంది వంత, ఐదో చరణం.

"ఒరిజినల్ ఆయమ్మే పాడింది మే, మన పుల్లన్న పెండ్లిలో. నాకూ పంపు," అంది పక్కనున్న పిల్ల.

ఇద్దరూ ఫోన్లు దగ్గరగా, ఒకదానికొకటి ఆనించి పట్టుకున్నారు. తాంబూలం చేతుల్లో అలాగే పట్టుకుని యల్లక్క వాటి వైపు చూస్తూ నిలబడింది.

"వచ్చెనా?"

"ఆగు, ఇంకా రోంత ఉండాది." కొంచెంసేపు ఆగి, "ఆ, వచ్చె," అంది ఆ పిల్ల.